లక్ష కోట్లు సరే... ల్యాబ్‌లో సీటు ఎక్కడ?

లేజర్, మైక్రోవేవ్ పదార్థాల పరిశోధనకు కేంద్రం నిధులు.. గుంటూరు, ప్రకాశం విద్యార్థుల దాకా వచ్చేదెంత?

పత్తి అమ్మకానికి ఇంట్లోవాళ్లతో పాటు సీసీఐ కేంద్రానికి వెళ్లినవాళ్లకు ఈ తంతు తెలుసు. పత్తిలో మీటర్ గుచ్చి తేమ చూస్తారు. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే ఆ మేరకు కోత. 12 దాటిందా, బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. మిర్చి దగ్గరా తేమతోనే పేచీ. కాకపోతే అక్కడ మీటర్ కన్నా వ్యాపారి చేతివేళ్లకే అధికారం ఎక్కువ. కాయ విరిచి చూసి 'ఇంకా ఆరలేదు' అన్నాడంటే క్వింటాకు ఎంతో కొంత తగ్గినట్టే.

ఈ తేమ వెనక ఉన్నది ఫిజిక్సే. ఎండిన పత్తి పీచు డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఒంటి అంకెలో ఉంటుంది. నీటిది దాదాపు 80. అందుకే ఒక మైక్రోవేవ్ తరంగాన్ని బేలు గుండా పంపితే, లోపల నీరు ఎంత ఎక్కువుంటే అది అంత నెమ్మదిస్తుంది, అంత బలహీనపడుతుంది. అవతలి వైపు అందుకున్న సిగ్నల్‌ను బట్టి బేలు విప్పకుండానే తేమ ఎంతో చెప్పొచ్చు. విదేశాల్లోని జిన్నింగ్ మిల్లుల్లో ఇలాంటి మీటర్లు వాడుతున్నారు. ఏ పదార్థం మైక్రోవేవ్‌ను మింగేస్తుంది, ఏది చెక్కుచెదరకుండా దాటనిస్తుంది, ఏ గాజులో ఏ మూలకం కలిపితే లేజర్ పుడుతుంది.. 'అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్' అనే పెద్ద మాట కింద ప్రభుత్వం డబ్బు పెడుతున్నది ఇలాంటి ప్రశ్నల మీదే. రాడార్‌కైనా, ఉపగ్రహానికైనా, క్వాంటమ్ కంప్యూటర్‌కైనా అడుగున ఉండేది ఇదే చదువు.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి బీఈడీ వైపు చూస్తున్నవాళ్లు, ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి హైదరాబాద్ బస్సెక్కుతున్నవాళ్లు ఈ నిధుల వార్తలు రాగానే పేజీ తిప్పేస్తున్నారు. తిప్పకండి. అలాగని హెడ్‌లైన్‌లో కోట్లు చూసి గంతులేయొద్దు కూడా. ప్రకటించిన డబ్బు వేరు, ఖర్చయ్యే డబ్బు వేరు, మీకు నెలనెలా స్టైపెండ్‌గా వచ్చే డబ్బు వేరు. ఈ మూడింటి మధ్య దూరం తెలిసినవాళ్లే ఈ రంగంలో నిలబడతారు.

ఇప్పుడే ఎందుకీ హడావుడి?

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీవో తన లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది. 30 కిలోవాట్ల శ్రేణి లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. దాని వెనక ప్రధానంగా పనిచేసింది హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్, పొట్టిగా 'చెస్'. టీవీల్లో డ్రోన్ కాలిపోవడం చూపించారు. లేజర్ పుట్టే పదార్థం గురించి, ఆ వేడికి పగలకుండా నిలిచే అద్దాల గురించి ఎవరూ చూపించలేదు. అసలు కష్టమంతా అక్కడే.

అదే ఏప్రిల్ 4న చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. అందులో యిట్రియం ఒకటి. లేజర్ల గురించి కాస్త చదివినవాళ్లకు 'యాగ్' స్ఫటికం తెలుసు కదా, యిట్రియం అల్యూమినియం గార్నెట్. ఆస్పత్రిలో కంటి చికిత్స నుంచి ఫ్యాక్టరీలో ఇనుప రేకు కోసే దాకా వాడే లేజర్ల గుండెకాయ అది. అంతకుముందు 2023 ఆగస్టు నుంచే గాలియం, జర్మేనియం ఎగుమతులకు చైనా లైసెన్సు తప్పనిసరి చేసింది. గాలియం లేకపోతే గాలియం నైట్రైడ్ లేదు. అది లేకపోతే ఇవాళ్టి శక్తిమంతమైన రాడార్లూ లేవు, 5జీ టవర్లలోని పవర్ యాంప్లిఫయర్లకూ ఇబ్బందే. డబ్బున్నా అమ్మేవాడు అమ్మనంటే ఏం చేస్తాం? ఢిల్లీలో ఈ పదార్థాల పరిశోధనకు కొత్త ఊపు రావడానికి ఈ ప్రశ్న ఒక పెద్ద కారణం. 2025 జనవరిలో నేషనల్ క్రిటికల్ మినరల్ మిషన్‌కు 16,300 కోట్లు, అదే ఏడాది నవంబరులో రేర్ ఎర్త్ అయస్కాంతాల తయారీకి 7,280 కోట్లు మంజూరు చేయడం కూడా ఈ వరసలోవే. మన తీరప్రాంతపు ఇసుకలో మోనజైట్ ఉంది. దాని నిల్వల్లో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరసలో ఉంది. మోనజైట్‌లో లేజర్ గాజులకు కావాల్సిన నియోడిమియం ఉంటుంది. అయితే ఇసుకలో ఉండటం వేరు, దాన్ని 99.99 శాతం స్వచ్ఛతతో సీసాలోకి తేవడం వేరు.

అన్నీ వెనకబాటు కబుర్లే కాదు. డీఆర్‌డీవోకు చెందిన ఢిల్లీ సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ లేబొరేటరీ 4 అంగుళాల సిలికాన్ కార్బైడ్ వేఫర్లు, 150 వాట్ల దాకా పనిచేసే గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు సొంతంగా తయారు చేసినట్టు 2024 నవంబరులో ప్రకటించింది. ఇందులో హైదరాబాద్‌లోని గేటెక్ ఫౌండ్రీ భాగస్వామి.

ఇక గుంటూరు జిల్లాకు ఇంకా దగ్గరి కబురు అమరావతి క్వాంటమ్ వ్యాలీ. ఐబీఎం తన 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో క్వాంటమ్ సిస్టమ్ టూ పెడుతుందని, టీసీఎస్, ఎల్ అండ్ టీ భాగస్వాములని 2025లో ప్రకటించారు. క్వాంటమ్ అనగానే మన కాలేజీలన్నీ కోడింగ్ సర్టిఫికెట్ కోర్సుల మీద పడ్డాయి. కానీ ఆ మెషీన్‌లో ఒక్కో క్యూబిట్‌ను కదిలించేది మైక్రోవేవ్ పల్స్. సంపూర్ణ శూన్య ఉష్ణోగ్రతకు వెంట్రుకవాసి పైన, సిగ్నల్‌ను ఏమాత్రం మింగని పదార్థాలు అక్కడ కావాలి. మెషీన్ కొనుక్కొచ్చినంత మాత్రాన ఆ పదార్థాల విద్య రాదు. 2023లో కేంద్రం ఆమోదించిన 6,003 కోట్ల నేషనల్ క్వాంటమ్ మిషన్‌లో పదార్థాలు, పరికరాలకు ప్రత్యేకంగా ఒక హబ్ ఉంది. అది ఐఐటీ ఢిల్లీలో ఉంది, అమరావతిలో కాదు. క్వాంటమ్ వ్యాలీ పేరు చూసి కలలు కనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

లక్ష కోట్లలో ల్యాబ్ వాటా ఎంత?

2025 జులై 1న కేంద్ర మంత్రివర్గం ఆర్‌డీఐ పథకానికి ఓకే చెప్పింది. పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణలకు లక్ష కోట్లు. నవంబరు 3న ప్రధాని ప్రారంభించారు. వాట్సాప్ గ్రూపుల్లో 'పీహెచ్‌డీ వాళ్లకు పండగే' అని తిరిగింది. నిబంధనలు చదివితే తేలేది వేరు. ఇది ప్రధానంగా ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలానికి ఇచ్చే అప్పు, కొన్నిచోట్ల వాటా పెట్టుబడి. అది కూడా టెక్నాలజీ సంసిద్ధత స్థాయి 4, ఆ పైన ఉన్నవాటికే. అంటే ల్యాబ్‌లో పనిచేస్తుందని అప్పటికే తేలిపోయిన వస్తువును మార్కెట్ దాకా నడిపించడానికి. మీ ప్రొఫెసర్ కొత్త గాజు కరిగించి చూడాలనుకుంటే ఈ లక్ష కోట్లలోంచి రూపాయి రాదు. హైదరాబాద్‌లో 1991 నుంచి ఉన్న ఆస్ట్రా మైక్రోవేవ్ లాంటి కంపెనీలు ఇలాంటి నిధి వాడుకుంటే మాత్రం ఆర్ఎఫ్ ఇంజినీర్లకు ఉద్యోగాలు రావొచ్చు. కాబట్టి ఈసీఈ వాళ్లకు ఇది పరోక్షంగా మేలైన వార్తే. ఎమ్మెస్సీ వాళ్లకు అంత తొందరగా కాదు.

యూనివర్సిటీలకు గ్రాంట్లు ఇచ్చేది అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్, అంటే ఏఎన్ఆర్ఎఫ్. 2023లో చట్టం చేశారు, 2024లో పని మొదలైంది. పాత ఎస్ఈఆర్‌బీ అందులో కలిసిపోయింది. అయిదేళ్లకు 50,000 కోట్లని చెప్పారు. అందులో ప్రభుత్వం పెట్టేది 14,000 కోట్లు. మిగతా 36,000 కోట్లు పరిశ్రమలు, దాతల నుంచి వస్తాయని అంచనా. మూడొంతుల చందాలు తర్వాత వస్తాయన్న ధీమాతో కోటప్పకొండ తిరనాళ్లకు ప్రభ కట్టడం మొదలెట్టినట్టుంది లెక్క. ప్రభ కట్టొద్దని కాదు, చందాలు రాకపోతే ఏమవుతుందో పల్నాడు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మన దేశం మొత్తం పరిశోధనకు పెడుతున్నది జీడీపీలో 0.64 శాతమే. చైనా 2 శాతం దాటి చాలాకాలమైంది. దక్షిణ కొరియా 5 శాతం దరిదాపుల్లో ఉంది. ఆ రెండు దేశాల్లోనూ సింహభాగం పరిశ్రమలదే. మన దగ్గర ప్రైవేటు కంపెనీలు ఇంకా చెయ్యి చాచలేదు.

డీఆర్‌డీవో సంగతి వేరు. 2025-26 బడ్జెట్‌లో దానికి 26,816 కోట్లు ఇచ్చారు. కానీ ఎక్కువ భాగం సొంత ల్యాబ్‌లకు, వ్యవస్థల తయారీకే. బయటి యూనివర్సిటీలకు వెళ్లేది చిన్న పాయ. ఆ చిన్న పాయ కూడా ఎక్కడ పారుతుందో తెలిస్తే చాలు, ఒక జీవితం నిలబడుతుంది. దానికి మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది.

కొలిమి, ఇత్తడి అచ్చు, ఓ స్పెక్ట్రోమీటర్

లేజర్ గాజు తయారీ మొదటి మెట్టు వినడానికి వంటలా ఉంటుంది. ఫాస్ఫేట్ లేదా బోరేట్ పొడులు తూకం వేసి, అందులో ఒక శాతం అటూఇటుగా నియోడిమియం ఆక్సైడ్ కలిపి, మూసలో పోసి, వెయ్యి డిగ్రీల పైన కొలిమిలో కరిగిస్తారు. ఎర్రగా కరిగిన ద్రవాన్ని ఇత్తడి అచ్చు మీద పోస్తారు. పగలకుండా నెమ్మదిగా చల్లారుస్తారు. సానబట్టి, దాని గుండా కాంతి పంపి, ఏ రంగును మింగుతుందో, ఏ రంగును ఎంతసేపు వెలిగిస్తుందో కొలుస్తారు. నియోడిమియం దగ్గర దగ్గర 1.06 మైక్రాన్ల దగ్గర వెలుగుతుంది. కంటికి కనబడదు, ఇన్‌ఫ్రారెడ్.

మన తెలుగు యూనివర్సిటీల ఫిజిక్స్ విభాగాల్లో గాజుల మీద అంతమంది పీహెచ్‌డీలు ఎందుకు చేశారో ఇప్పుడు అర్థమవుతుంది. ఇది తక్కువ డబ్బుతో చేయగలిగే నిఖార్సైన సైన్స్. కొలిమి, తక్కెడ, ఒక మంచి స్పెక్ట్రోమీటర్ ఉంటే పేపర్ రాయొచ్చు. ఆచార్య నాగార్జున యూనివర్సిటీ నూజివీడు పీజీ కేంద్రంలో ప్రొఫెసర్ ఎన్. వీరయ్య బృందం ఏళ్ల తరబడి చేసింది ఇదే. గాజుల కాంతి గుణాలతో పాటు డైఎలక్ట్రిక్ గుణాల మీద కూడా వాళ్ల పేపర్లు అంతర్జాతీయ జర్నళ్లలో వచ్చాయి. చిన్న ఊరి పీజీ సెంటర్ అని తీసిపారేయలేని పని అది.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో ఇంకో అడుగు ముందుకు పడింది. ప్రొఫెసర్ సి.కె. జయశంకర్ బృందం రేర్ ఎర్త్ గాజుల మీద చేస్తున్న పనికి అణుశక్తి విభాగానికి చెందిన బీఆర్ఎన్ఎస్ ఒక మెగా ప్రాజెక్టు ఇచ్చింది. అణుశక్తి విభాగానికి లేజర్ గాజుతో పనేంటి? పెద్ద లేజర్లతో కేంద్రక సంలీనం చేసి చూడాలన్న ఆశ. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో 2022 డిసెంబరు 5న 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి పంపితే 3.15 మెగాజౌళ్లు బయటికొచ్చాయి. ఆ లేజర్‌లో మూడు వేలకు పైగా నియోడిమియం ఫాస్ఫేట్ గాజు పలకలున్నాయి. మన దగ్గర పెద్ద లేజర్ల పని ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీలో జరుగుతుంది. రాష్ట్ర యూనివర్సిటీ ల్యాబ్‌కూ దేశానికి కావాల్సిన వస్తువుకూ మధ్య తీగ కలిపింది ఆ ప్రాజెక్టు. డబ్బు మొత్తం కన్నా ఆ తీగే విలువైనది.

ఎందుకంటే గోటంత గాజు ముక్కలో వెలుగు చూపించడం ఒక మెట్టు. చేతి పొడవు పలకలో గాలిబుడగ లేకుండా, నీటి జాడ లేకుండా, మూసలోంచి రాలిన ప్లాటినం రేణువు ఒక్కటి కూడా లేకుండా పోయడం మరో పది మెట్లు. అక్కడ కోట్లు కావాలి, ఏళ్లు కావాలి, స్థిరంగా ఉండే మనుషులు కావాలి. మన యూనివర్సిటీల్లో తెగిపోయింది ఈ చివరిదే.

గండి పడింది ఇక్కడ

ఏఎన్ఆర్ఎఫ్ గానీ మరో సంస్థ గానీ ప్రాజెక్టు ఇవ్వాలంటే దరఖాస్తు చేసే అధ్యాపకుడు సాధారణంగా రెగ్యులర్ ఉద్యోగి అయ్యుండాలి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర యూనివర్సిటీల్లో 3,220 టీచింగ్ పోస్టులకు 2023లో నోటిఫికేషన్లు వచ్చాయి, కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. పాతవాళ్లు రిటైరవుతుంటే పాఠాలు నడిపిస్తున్నది కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులు. వాళ్లలో ఎంత సత్తా ఉన్నా వాళ్ల పేరు మీద పెద్ద ప్రాజెక్టు రావడం కష్టం. ప్రాజెక్టు రాకపోతే జేఆర్‌ఎఫ్ పోస్టు రాదు, పరికరం రాదు, పరికరం లేనిచోటికి తర్వాతి ప్రాజెక్టు అసలే రాదు. ఢిల్లీలో నిధి పెరిగినా గుంటూరులోనో ఒంగోలులోనో కనబడకపోవడానికి పెద్ద కారణం ఇది. వివక్ష అనో, మనవాళ్లకు తెలివి లేదనో అనుకోవడం తప్పు.

ఈ గ్యాప్‌లోకి ప్రైవేటు యూనివర్సిటీలు వచ్చాయి. వడ్డేశ్వరంలోని కేఎల్ యూనివర్సిటీ ఈసీఈ విభాగంలో యాంటెనాలు, లిక్విడ్ క్రిస్టల్స్ మీద ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. పాత ఎస్ఈఆర్‌బీ ప్రాజెక్టులు అక్కడికి వచ్చాయి. వడ్లమూడి విజ్ఞాన్, నీరుకొండ ఎస్ఆర్ఎం, ఇనవోలు విట్.. అన్నీ మిర్చి పొలాలకు బైక్ దూరంలో ఉన్నవే. ఇక్కడ ఒక జాగ్రత్త. కేంద్ర ప్రాజెక్టులో వచ్చే ఫెలోషిప్, సంస్థ సొంతంగా ఇచ్చే ఫెలోషిప్ ఒకటి కావు. రెండోది తక్కువ ఉండొచ్చు, పైగా క్లాసులు చెప్పే పని అంటగట్టొచ్చు. ఆఫర్ లెటర్‌లో ఏది రాశారో చూసుకోండి.

పేపర్ చివరి వాక్యం చదవండి

డబ్బు ఎక్కడుందో తెలుసుకోడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. గూగుల్ స్కాలర్‌లో మీకు నచ్చిన అంశం కొట్టండి. ఉదాహరణకు నియోడిమియం గాజు, డైఎలక్ట్రిక్ రెజొనేటర్, గాలియం నైట్రైడ్. గత మూడేళ్ల పేపర్లు, మన దేశపు చిరునామా ఉన్నవి ఏరండి. నేరుగా చివరికి వెళ్లి కృతజ్ఞతల పేరా చదవండి. ఏ సంస్థ డబ్బిచ్చింది, ప్రాజెక్టు నంబరు ఎంత, కొలతలు ఏ ల్యాబ్‌లో తీసుకున్నారు, అన్నీ అక్కడే ఉంటాయి. చాలా నంబర్లలో మంజూరైన ఏడాది కూడా ఉంటుంది. ఇలా పాతిక పేపర్లు చూస్తే చాలు, ఏ ప్రొఫెసర్ దగ్గర నడుస్తున్న ప్రాజెక్టుందో మీకొక పటం తయారవుతుంది. కన్సల్టెన్సీలు వేలు తీసుకుని చెప్పే ముక్క ఇదే.

మన దగ్గరి పటంలో కొన్ని చుక్కలు ముందే పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో లోహాలకు, అయస్కాంతాలకు డీఎంఆర్ఎల్, పారదర్శక సిరామిక్స్‌కు, లేజర్ ప్రాసెసింగ్‌కు ఏఆర్‌సీఐ, అతిశుద్ధ పదార్థాలకు సీ-మెట్, లేజర్ స్పెక్ట్రోస్కోపీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. విశాఖ గంభీరంలో సమీర్. మైక్రోవేవ్ సిరామిక్స్ మీదే మనసుంటే త్రిస్సూర్ సీ-మెట్ దాకా వెళ్లాలి. మచిలీపట్నంలో బీఈఎల్ నైట్ విజన్ పరికరాలు తయారు చేస్తుంది, అక్కడ డిప్లొమా, బీటెక్ వాళ్లకు అప్రెంటిస్‌షిప్‌లు వస్తుంటాయి.

జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్‌ఎఫ్ 42,000. హెచ్ఆర్ఏ అదనం. 'ఇంకెన్నాళ్లు చదువుతావ్' అని ఇంట్లో అడిగేవాళ్లకు ఈ అంకె చెప్పండి. మొదటిసారి డిగ్రీ దాటిన ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. దీనికి దారి సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్. ఫిజిక్స్ వాళ్లకు జెస్ట్ కూడా ఉంది. నెట్ లేకుండానూ ప్రాజెక్టు అసోసియేట్‌గా చేరొచ్చు, జీతం తగ్గుతుంది. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయొచ్చు. నాగార్జునలోనూ, ఒంగోలు ఆంధ్రకేసరిలోనూ ఏటా ఎవరో ఒకరికి ఆ ర్యాంకు వస్తుంది కదా. వాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదంటే ఆశ్చర్యం లేదు. లేజర్లంటే పిచ్చి ఉన్నవాళ్లు బార్క్ ట్రైనింగ్ స్కూల్ నోటిఫికేషన్ వదలొద్దు, దాని శాఖ ఇండోర్ లేజర్ కేంద్రంలోనే ఉంది. ఇంకా డిగ్రీ, పీజీలో ఉన్నవాళ్లకు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్ మంచి ప్రవేశం.

సొంత కాలేజీలో ఎక్స్‌ఆర్‌డీ మెషీన్ లేదని దిగులు పడేవాళ్లు ఐ-స్టెమ్ పోర్టల్ చూడండి. ప్రభుత్వ డబ్బుతో కొన్న పరికరాల జాబితా అందులో ఉంటుంది, ఫీజు కట్టి బుక్ చేసుకోవచ్చు. ప్రాజెక్టు అంశం కోసం ఊరు దాటాల్సిన పనీ లేదు. మిర్చిపొడిలో కలిపే సూడాన్ రంగును రామన్ పద్ధతిలో లేజర్‌తో పట్టొచ్చు. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు నాణ్యత ల్యాబ్ ఉంది, లాంలో పత్తి మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇంటర్నెట్‌లోంచి ఎత్తిన అంశం కన్నా ఎండుమిర్చి తేమను మైక్రోవేవ్‌తో కొలిచిన పట్టిక ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడనిస్తుంది.

ఇక ఇంటర్వ్యూలో సెలెక్ట్ అయ్యారనుకోండి. చేరేముందు మొహమాటం లేకుండా అడగాల్సినవి ఉన్నాయి. ప్రాజెక్టు ఎప్పుడు మంజూరైంది, ఇంకా ఎన్ని నెలలుంది? మూడేళ్ల ప్రాజెక్టులో రెండేళ్లయ్యాక ఖాళీ అయిన పోస్టైతే మీకు మిగిలేది ఏడాదే, అది పీహెచ్‌డీకి చాలదు. రిజిస్ట్రేషన్ ఏ యూనివర్సిటీలో, ఎప్పుడు? పాత స్కాలర్ ఎందుకు వెళ్లిపోయాడు? ఈ ప్రశ్న ప్రొఫెసర్‌ని కాదు, అదే ల్యాబ్‌లోని సీనియర్‌ని క్యాంటీన్‌లో అడగండి. నిధుల విడుదల ఆలస్యమై ఫెలోషిప్‌లు నెలల తరబడి రాకపోవడం దేశమంతా ఉన్నదే. అలాంటప్పుడు ఈ ల్యాబ్‌లో ఏం చేస్తారో కూడా ఆ సీనియరే చెప్పాలి. మూడు నెలల హాస్టల్ ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్లండి. ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలకు గడువు తరచూ రెండు మూడు వారాలే ఉంటుంది, పేపర్లో పడేసరికి సగం అయిపోతుంది. పైన చెప్పిన సంస్థల వెబ్‌సైట్లలో కెరీర్స్ పేజీని వారానికోసారి తెరిచి చూసుకోవాల్సిందే.